రెండో సగం

భీమడోలు మిషను బడిలో తెలుగు చెప్పే నిత్యానందానికీ, కొల్లేటి నడుమ ఆగడాలలంక రైతు నరసింహమూర్తికీ స్నేహం కుదిరింది పద్యం వల్లనే. ముప్ఫైమూడులో క్రిస్మస్ పండగకు బడి ముందు పందిరి వేసి, నిత్యానందం చేత అప్పటికప్పుడు పద్యాలు చెప్పిస్తున్నారు. ఏదో పని మీద ఊళ్ళోకి వచ్చిన నరసింహమూర్తి పందిరి గుంజ పట్టుకుని నిలబడి విన్నాడు. ఒక పద్యం నడుమ నిత్యానందం మాట కోసం తడుముకుంటే, అక్కణ్ణుంచి ఆయన అందుకుని పూర్తి చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. వేసవి వచ్చేసరికి ఇద్దరూ కలిసి ‘మూర్త్యానంద కవులు’ అయ్యారు. ఉండి, నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఎక్కడ సభ పెట్టినా వీళ్ళకు పిలుపు వచ్చేది.

సభలో ఎవరైనా లేచి ఒక విషయం ఇస్తారు, ఫలానా ఛందస్సులో చెప్పమంటారు. మొదటి రెండు పాదాలు నిత్యానందం చెప్తాడు. తర్వాతి రెండూ మూర్తి చెప్తాడు. మొదటి రోజున పందిట్లో అలా జరిగింది కాబట్టి అదే అలవాటైపోయింది.

కొన్నాళ్ళు గడిచాక ఆ అలవాటు నిత్యానందాన్ని లోపల్లోపల గీరడం మొదలుపెట్టింది. చప్పట్లు ఎప్పుడూ పద్యం ముగిసిన చోట పడతాయి. ముగించేది మూర్తి. నిత్యానందం రెండు పాదాలూ ఎంత బాగా ఎత్తినా జనం నిశ్శబ్దంగా, ఇంకా ఏదో రావలసి ఉందన్నట్టు చూసేవారు. ఆ చూపు తన మీదనుంచి జారి పక్కమనిషి మీదకు పోవడం ఆయనకు ప్రతిసారీ తెలిసేది. సభ అయ్యాక మూర్తి చుట్టూ పదిమంది చేరేవారు. నిత్యానందంతో, మీరు కూడా బాగా చెప్పారండీ, అనేవారు. ఆ ‘కూడా’ అన్నం తింటున్నా, పిల్లల చేత పాఠం చదివిస్తున్నా చెవిలో మోగేది.

బడి విడిచాక కాలవగట్టు మీద అటూ ఇటూ నడుస్తూ తనకు తానే విషయం ఇచ్చుకుని, నాలుగు పాదాలూ తనే చెప్పుకునేవాడు. ముగింపు తన నోట ఎలా ఉంటుందో తేలేది కాదు. వినేవాడు లేనిదే పద్యం ముగిసినట్టే అనిపించదు. కాళ్ళూ చేతులూ ఒకచోట పెట్టుకోలేకపోతున్నారేమిటని భార్య హన్నమ్మ రెండుమూడుసార్లు అడిగింది. బడి పనని చెప్పి తప్పించుకున్నాడు.

చివరికి తాడేపల్లిగూడెంలో సభకు వెళ్తూ రైలులో ధైర్యం చేశాడు. ఈసారి ఎత్తడం మీరు ఎత్తండి, దించడం నేను దించుతాను, అన్నాడు. మూర్తి దానికేముందండీ అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. సభ ఒక రైసుమిల్లు కళ్ళంలో జరిగింది. మూర్తి రెండు పాదాలూ చెప్పాడు. నిత్యానందం ఊపిరి తీసుకున్నాడు. నోరు తెరిచేలోగానే మూర్తి ఆ ఊపులో మిగిలిన రెండు పాదాలూ చెప్పేశాడు. కళ్ళమంతా చప్పట్లు. మూర్తి నాలిక కరుచుకుని, అయ్యో మాస్టారూ, అలవాటండీ, అని నొచ్చుకున్నాడు. అందులో కపటం లేదని నిత్యానందానికి తెలుసు. అందుకే కోపం పోయే దారి కనపడలేదు. తిరుగు రైలులో కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏలూరు సభ వచ్చింది. అది చిన్న సభ కాదు. ఏలూరులో విన్నవాళ్ళు బాగుందంటే బెజవాడలోనూ రాజమహేంద్రవరంలోనూ ఆ మాట చెప్పుకుంటారు. సభ కార్యదర్శి పాండురంగారావు అనే ప్లీడరు. ఆదివారం సాయంత్రమని ముందే కబురు చేశాడు. మూర్తి ఆదివారం పొద్దున భీమడోలు వచ్చేట్టు, ఇద్దరూ కలిసి రైలెక్కేట్టు మాట అనుకున్నారు.

ఆ వారం నడుమ నిత్యానందం భీమడోలు స్టేషనుకు ఏదో పని మీద వెళ్ళాడు. ఆగిన రైలులోంచి పాండురంగారావు తల బయట పెట్టి పిలిచాడు. హాలు ఆదివారం దొరకలేదనీ, సభ శనివారానికి మార్చామనీ, మూర్తిగారికి కూడా మీరే కబురు చెయ్యండనీ చెప్పాడు. అలాగేనండీ అన్నాడు నిత్యానందం. రైలు వెళ్ళిపోయింది.

లంకకు కబురు పంపడం కష్టమేమీ కాదు. ఆ ఊరి బళ్ళు రోజూ భీమడోలు వస్తూనే ఉంటాయి. ఆ సాయంత్రం కూడా బజారులో ఒక బండి ఆగి ఉంది. నిత్యానందం దాని దగ్గరదాకా వెళ్ళాడు. బండివాడు, ఏమండీ మాస్టారూ, మూర్తిగారికేమైనా చెప్పాలా, అని అడిగాడు కూడా. ఏం లేదు, ఊరికే వచ్చాను, అన్నాడు. ఇంటికి వచ్చాడు. మళ్ళీ బజారుకు వెళ్ళాడు. బండి ఇంకా అక్కడే ఉంది. ఈసారి దూరం నుంచే చూసి వెనక్కి తిరిగాడు. మర్నాడూ బళ్ళు వచ్చాయి. రేపు చెప్పవచ్చులే అనుకుంటూనే శుక్రవారం గడిపేశాడు.

శనివారం ఒక్కడే ఏలూరు రైలెక్కాడు. హాలు నిండా జనం. మూర్తిగారేరీ అని పాండురంగారావు అడిగితే, ఒంట్లో బాగాలేదండీ, అన్నాడు. పాపం అని ఆయన నొచ్చుకుని, మరి మీరు ఒక్కరూ చెప్పగలరా అని మెల్లిగా అడిగాడు. చెప్తానన్నాడు నిత్యానందం. వేదిక మీద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకటి తీసెయ్యమని చెప్పాలనుకున్నాడు గాని నోరు రాలేదు.

మొదటి రెండు పద్యాలూ ఎలాగో గట్టెక్కాయి. ముగింపుకు వచ్చేసరికి ఆయన తనకు తెలియకుండానే పక్కకుర్చీ వైపు చూసేవాడు. చప్పట్లు పలచగా పడ్డాయి. వెనక వరసల్లో ఎవరో కుర్చీలు జరుపుకుని లేచారు. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచి, ఖాళీ పడవ మీద ఆటవెలది చెప్పమన్నాడు. కొల్లేటి వారు కదా అని కూడా అన్నాడు. హాలు నవ్వింది. నిత్యానందం కండువా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కాసేపు నిలబడి, ఎత్తుకున్నాడు.

తీరమందు నిలిచి తెడ్డులేని పడవ
కెరట మడుగు ప్రశ్నకేమి చెప్పు

అక్కడ ఆగాడు. జనం చూపు అలవాటుగా రెండో కుర్చీ మీదకు పోయి, అక్కడెవరూ లేక మళ్ళీ తనమీదకే వచ్చింది. ఒళ్ళంతా చెమట పట్టింది. మూర్తి అయితే ఇక్కడ ఏమంటాడా అని వెతికాడు. దొరకలేదు. ఆ వెతకడం మానేశాక మాట వచ్చింది.

ఎవరు లేరటంచు నేడువలేదది
నింగి నీడతోడ నిండిపోయె

హాలు కప్పు ఎగిరిపోయేట్టు చప్పట్లు పడ్డాయి. ఆ పద్యాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. అక్కణ్ణుంచి చెప్పిన ప్రతి పద్యమూ పండింది. చివర్లో ఆయన భుజాన జరీ కండువా కప్పి, అలాంటిదే ఇంకొకటి చేతికిచ్చారు. పాండురంగారావు, ఇది మూర్తిగారికి అందజెయ్యండి, త్వరగా కోలుకోవాలని సభ వారంతా కోరుతున్నారని చెప్పండి, అన్నాడు.

తిరుగు రైలులో ఎవరో గుర్తుపట్టి పక్కన చోటిచ్చినా ఆయన కూర్చోలేకపోయాడు. వాకిలి దగ్గర నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికి వచ్చింది. కాని చేతిలో ఉన్న రెండో కండువా మాటిమాటికీ జారుతున్నట్టుండి, దాన్నే సర్దుకుంటూ భీమడోలు చేరాడు. తెల్లవారగానే మూర్తి బయల్దేరతాడు. తను ఎదురు వెళ్ళకపోతే ఆయన కొత్త పంచె కట్టుకుని, నవ్వుకుంటూ స్టేషనుకు వచ్చేస్తాడు.

ఆదివారం ఆరాధనకు కూడా ఆగకుండా, వెలుగు రాగానే దొరికిన బండెక్కాడు. నీళ్ళు అడ్డం వచ్చిన చోట దిగి దోనె ఎక్కాడు. లంక చేరేసరికి మూర్తి వీధి అరుగు మీద తల దువ్వుకుంటున్నాడు. లోపల గంగాభవాని భర్తకు దారిలో తినడానికి ఏదో మూట కడుతోంది. నిత్యానందాన్ని చూసి మూర్తి సంతోషంగా, మీరే వచ్చేశారేమిటండీ, నేను రానేమోనని భయమా, అన్నాడు.

“సభ నిన్ననే అయిపోయిందండీ,” అన్నాడు నిత్యానందం.

మూర్తి దువ్వెన పక్కన పెట్టాడు. కబురు నా దాకా రాలేదే, అన్నాడు.

“నేను పంపలేదండీ. బండి దగ్గరదాకా వెళ్ళి కూడా చెప్పలేదు. మీకు ఒంట్లో బాగాలేదని అక్కడ అబద్ధమాడాను.”

గంగాభవాని గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మూర్తి చాలాసేపు నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. కొల్లేట్లో కొంగలు లేచి వాలాయి.

“నన్ను అడిగితే నేను రాకుండా ఊరుకునేవాణ్ణి కదండీ మాస్టారూ,” అన్నాడు చివరికి.

“గూడెంలో అడిగాను కదండీ. ఇచ్చినట్టే ఇచ్చి మీరే చెప్పేశారు.”

“అది అలవాటన్నాను కదా.”

“మీకు అలవాటేనండీ. నాకు రెండేళ్ళ నుంచీ నిద్ర లేదు.”

ఆ మాట మూర్తి ఎరగడు. తెల్లబోయి చూశాడు. రెండేళ్ళూ పక్కపక్కన కూర్చున్నాం, ఒక్కసారైనా చెప్పవద్దా, అన్నాడు. చెప్పుకునేంత చనువు ఉందనుకోలేదని నిత్యానందం అన్నాడు. ఆ ఇంట్లో తను ఎప్పుడూ అరుగు దాటి లోపలికి పోలేదు. మూర్తీ రమ్మనలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది.

తర్వాత మూర్తి, ఏం చెప్పారో చెప్పండి, అన్నాడు. నిత్యానందం ఖాళీ పడవ పద్యం చెప్పాడు. మూర్తి కళ్ళు మూసుకుని విన్నాడు. అలవాటుగా రెండు పాదాలు కాగానే ఆయన పెదవులు కదిలాయి గాని మాట బయటికి రానివ్వలేదు.

“చివరి పాదం నాకు తట్టేది కాదండీ,” అన్నాడు.

నిత్యానందం కండువా తీసి ముందు పెట్టాడు. మూర్తి దాన్ని ముట్టుకోలేదు. జబ్బుమనిషికని పంపారు, నాకు జబ్బు లేదు కదా, తిరిగి ఇచ్చెయ్యండి, అన్నాడు. ఇకమీదట ఎవరి పద్యం వాళ్ళు చెప్పుకుందామని కూడా అన్నాడు. గొంతు పెంచలేదు. గంగాభవాని కట్టిన మూట తెచ్చి నిత్యానందం చేతిలో పెట్టి, ఎండ ఎక్కకముందే వెళ్ళండి అన్నయ్యగారూ, అంది.

సోమవారమే నిత్యానందం ఏలూరు వెళ్ళాడు. కండువా తిరిగిచ్చి పాండురంగారావుకు ఉన్న సంగతి చెప్పాడు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆ ఏడాది మళ్ళీ ఏలూరు నుంచి పిలుపు రాలేదు.

మరుసటి వేసవిలో నల్లజర్లలో సభ పెట్టినవాళ్ళకు ఈ గొడవేదీ తెలియదు. ఇద్దరినీ పిలిచారు. ఇద్దరూ వచ్చారు. పలకరించుకుని దూరం దూరంగా కూర్చున్నారు. నిత్యానందం వంతు ముందు వచ్చింది. బాగానే చెప్పాడు. తర్వాత మూర్తి లేచాడు. విషయం ఇచ్చారు. మూర్తి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తాడేపల్లిగూడెంలో ఒక్కసారి తప్ప ఆయన ఎప్పుడూ ఇంకొకరు ఎత్తిన పద్యాన్నే అందుకున్నాడు. ఆ ఒక్కసారీ పక్కన నిత్యానందం ఉన్నాడు. జనం కదిలారు. గొంతు సవరించుకుని మళ్ళీ ఆగాడు.

కింద కూర్చున్న నిత్యానందానికి మొదటి పాదం నాలిక చివరకు వచ్చేసింది. పైకి అంటే, తాడేపల్లిగూడెంలో తనకు జరిగినదే మూర్తికీ జరుగుతుంది. చేత్తో నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. మూర్తి అది చూశాడు. చూసి, తనే చెప్పక తప్పదనుకున్నట్టు, చాలా పేలవమైన పాదం ఒకటి ఎత్తుకున్నాడు. రెండో పాదం కాస్త నయం. ముగింపు మాత్రం ఎప్పటిలాగే మూర్తిది.

సభ అయ్యాక నిత్యానందం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడితే మూర్తి వచ్చి పక్కన నిలబడ్డాడు. వానల సంగతీ, హన్నమ్మ ఆరోగ్యం సంగతీ అడిగాడు. ఆ తర్వాత, మొదటి పాదం ఎలా ఉందండీ మాస్టారూ, అన్నాడు.

“బాగాలేదండీ,” అన్నాడు నిత్యానందం.

మూర్తి పెద్దగా నవ్వాడు. బస్సు వచ్చింది. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. మూర్తి ముందుగా ఎక్కి, కిటికీ పక్క చోటు తన చేతిసంచీతో ఆపి, ఇటు రండి మాస్టారూ అని పిలిచాడు.