ఆదర్శ కెంకే

జేమ్స్‌టౌన్ తీరంలో కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించే ఉండ, ధర పెంచడమంటే కన్నతల్లిని తిట్టడమే. అందుకే మొక్కజొన్న ధర మండినప్పుడల్లా కెంకే అమ్మే అడాకు ధర జోలికి పోకుండా, ఉండనే చిన్నది చేసేది. ఆమె తల్లి నాటికి రెండు పిడికిళ్ళంత ఉన్న ఉండ ఇప్పుడు ఒక్క పిడికిలి కూడా నిండదు. పైన చుట్టే కండె ఆకులు మాత్రం బాగా దట్టమయ్యాయి.

అది ఆమెకు సిగ్గే. పడవలవాళ్ళు తాతల నాటి నుంచి ఆమె ఇంటి పొయ్యి దగ్గర తినే సముద్రంలోకి పోతారు.

"నిన్న వల లాగుతుంటే కళ్ళు తిరిగాయమ్మాయ్," అన్నాడు ముసలి లాంప్టే. "ఇది కెంకేనా, మందుబిళ్ళా? రేపట్నుంచి అవతలి సందుకి పోతా."

అడాకుకి భయం పట్టుకుంది. లాంప్టే పోతే పడవలన్నీ ఆయన వెంటే పోతాయి.

ఆ రోజు మంగళవారం, సముద్రానికి సెలవు. జనమంతా ఒడ్డునే ఉంటారని సర్కారు లెక్కల శాఖ నుంచి అసియామా దిగాడు. గంపలోని ఉండలు లెక్కపెట్టి ఎగిరి గంతేశాడు.

"నిరుటికి రెట్టింపు ఉత్పత్తి అక్కా!"

"పిండి అంతే బాబూ. గంగాళమూ అదే."

"పిండి గొడవ మాకెందుకు? మేం లెక్కపెట్టేది ఉండల్నే. తాతా, నువ్వెన్ని తింటావ్?"

"ఇదివరకు ఒకటి. ఇప్పుడు రెండు. అయినా ఆకలే."

"వాడకమూ రెట్టింపే! చేసిందంతా చెల్లింది, ధర కదల్లేదు. దీన్నే సమతౌల్యం అంటారు!"

"ఉంటే ఉండనీ. నా కడుపులో మాత్రం లేదు నాయనా."

అసియామా వినిపించుకోలేదు. 'వృద్ధికి ఆదర్శం' అన్న రేకు పలకను పొయ్యి పైన మేకుకి తగిలించి వెళ్ళాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కుళ్ళుకున్నారు. నిజం చెప్పొద్దూ, అడాకు కూడా కాసేపు పొంగిపోయింది. లాంప్టే మాత్రం తిన్న ఆకులు మడిచి, లేచి అవతలి సందు వైపు నడిచాడు. ఆ ఖాళీ బల్ల చూశాక పొంగంతా చల్లారింది.

మర్నాడు తల్లి నాటి ఉండ చేసి, ధర రెట్టింపు చేసింది. లాంప్టేని అవతలి సందు నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తీరమంతా శాపనార్థాలు పెట్టింది. పెడుతూనే తింది. తిన్నాక తిట్లు మరిచి వేళ్ళు నాక్కుంది.

కబురంది అసియామా పరుగున వచ్చాడు. "కొంప ముంచావక్కా! ఉత్పత్తి సగమైంది, ధర రెట్టింపైంది. తీరమంతటికీ మాంద్యం తెచ్చిపెట్టావు!" అంటూ పలక పీక్కున్నాడు.

లాంప్టే బ్రేవుమని త్రేన్చి, మీసాలకంటిన కారం తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, ఆ మాంద్యం ఇంకోటుంటే పడవలోకి కట్టివ్వు."