కెటిల్ కడుపులో చెయ్యి

ఫోటో గోడకెక్కాక గాని ఆ చెయ్యి నా కంటపడలేదు.

మా ఫోటో క్లబ్బు ఏడాదికోసారి లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడుతుంది. మనిషికొక్క ఫోటో. ఎందుకు తీశామో, మిగతావన్నీ కాదని దాన్నే ఎందుకు ఎంచుకున్నామో పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పాలి. నేను ఎంచుకున్నది మా వంటింటి స్టీలు కెటిల్. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడి, ఆవిరి తెల్లటి దారంలా లేచిన క్షణం. గులాబీని, పిల్లిని, వానచినుకుల్ని పక్కన పెట్టేశానని తెలిసి మావారు, "కెటిల్‌కి ఫోటో ఏంటి, పెళ్లిచూపులా?" అన్నారు.

కెమెరా వెనక తెర అరచేతిలో సగం ఉంటుంది. అందులో నాకు ఆవిరే కనిపించింది. కిటికీ తలుపంత ప్రింటు వేయించేసరికి, కెటిల్ నున్నటి కడుపులో మా వంటిల్లంతా ఒదిగి కూర్చుంది. ముందు నల్లటి మరకలా నేను. నా వెనక అల్మారా. అల్మారా దగ్గర, గుమ్మడికాయలా సాగిన ముఖంతో ఇంకో మనిషి. ఆ మనిషి చెయ్యి పంచదార డబ్బాలో ఉంది.

మా అత్తగారు.

డాక్టరు మాన్పించాక పంచదార ముట్టనని ఆవిడ కొడుకు మీద ఒట్టేసింది. ఒంట్లో చక్కెర మాత్రం దిగలేదు. డాక్టరు తల గోక్కుంటూ మందు పెంచుతున్నాడు. డబ్బా ఖాళీ అవుతున్న నేరం నా మీద పడింది. "టీలో పంచదార పోస్తున్నావా, పంచదారలో టీ పోస్తున్నావా?" అని మావారి వెటకారం.

నిర్దోషినని సాక్ష్యం దొరికినందుకు ఎగిరి గంతెయ్యాలి. నాకేమో ఆ ఫోటో దించెయ్యాలనిపించింది. తల్లీకొడుకులు అప్పటికే ఇంట్లో బయల్దేరారు. నలుగురిలో, కొడుకు ఎదుట, ఆవిడ తల కొట్టేసినట్టవుతుంది. ఆ తర్వాత అదే వంటింట్లో ఆవిడతో నేను మసలాలి.

క్లబ్బు కార్యదర్శి పళ్ల డాక్టరు. తీరిక దొరికితే చీమలకు ఫోటోలు తీస్తాడు. ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"సార్, కెటిల్ దించేసి గులాబీ పెట్టుకుంటాను."

"గులాబీలతో చచ్చిపోతున్నానమ్మా. గోడ నిండా అవే."

"పోనీ ఆ కడుపు మీద చిన్న కాగితం అంటించనా?"

"అయ్యో, ఆ ప్రతిబింబమే కదమ్మా ఫోటోకి ప్రాణం! భలే పట్టుకున్నారు."

పట్టుకోవడమే వచ్చింది నాకు. వదిలించుకోవడం ఎలాగో ఈయన చెప్పడే!

అంతలో వాళ్లు రానే వచ్చారు. నేను ఫోటోకి అడ్డంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"పక్కకు జరుగు. నిన్ను ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాం," అంది అత్తగారు.

జరిగాను. మావారు కళ్లజోడు సవరించుకుని వంగారు. "ఇది మన పంచదార డబ్బా కదూ? దొరికింది దొంగ! ఫోటో తీస్తూ కూడా ఆగలేకపోయావా? ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో పంచదారా!"

అత్తగారి కుడిచెయ్యి మెల్లగా శాలువాలోకి వెళ్లిపోయింది. పోయిన మామగారి వాచీ ఉండేది ఆ చేతికే. అది ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఇంకొకర్ని తాకనివ్వదు.

నేనేనని ఒప్పుకుంటే ఆవిడ పరువు దక్కుతుంది, మందు మళ్లీ పెరుగుతుంది. కాదంటే మందు తగ్గుతుందేమో గాని ఆవిడ తలెత్తుకోలేదు.

మావారికి ఇవేం పట్టలేదు. ఇంకాస్త వంగి, "ఈ చేతికి ఈ డొక్కు రేకేంటి? గిన్నెమూత కట్టుకున్నావా?" అన్నారు.

"గిన్నెమూతా!" అత్తగారి గొంతు హాలంతా మోగింది. "మీ నాన్న వాచీరా అది! కళ్లజోడు ఎందుకు పెట్టుకున్నావ్, ముక్కుకి బరువా?"

అన్నాక ఏమన్నదో ఆవిడకు అర్థమైంది. నాకూ అర్థమైంది. మావారికి కాస్త టైం పట్టింది. ఫోటో వంక చూశారు, తల్లి వంక చూశారు, మళ్లీ ఫోటో వంక చూశారు.

"అమ్మా... నా మీద ఒట్టేశావు."

"వేశాను. నీకేం కాలేదుగా?" అంది ఆవిడ. "డాక్టరుకి నేనే చెప్పుకుంటాను. నువ్వు మధ్యలో దూరకు."

సరిగ్గా అప్పుడే చీమల డాక్టరు నలుగుర్ని వెంటేసుకొచ్చాడు. "చెప్పండమ్మా, ఈ ఫోటోకి స్ఫూర్తి ఏంటి?"

ఆవిరి, వెలుగు అంటూ బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. నేను నోరు తెరిచేలోపు అత్తగారే అందుకుంది.

"పంచదారండీ."

ముగ్గురం ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి, "ఈసారి తీసేముందు ఒక మాట చెప్పు తల్లీ. ముఖమైనా సరిగ్గా పెట్టుకుంటాను," అంది. అది క్షమాపణో, హెచ్చరికో నాకు తేలలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి, కెటిల్ మీద నిండుగా తువ్వాలు కప్పి ఉంది.

నేను పొయ్యి వెలిగించకముందే, ఎంత తగ్గిందో చూద్దామని పంచదార డబ్బా మూత తీశాను.