మూతపడ్డ ఫ్యాక్టరీ మైకులో సెంగా పేరు

పొద్దున్నే సెంగా ఓట్స్ జావ కాచుకుని రేడియో పెట్టుకునేది. అందులో అమ్మాయి శుభోదయం చెబితే తనూ చెప్పేది. కొన్ని రోజుల్లో ఆమె పెదవి విప్పి అనే మాట అదొక్కటే.

ఫ్రేజర్‌బర్గ్ రేవులో చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఆమెతో పాటు చేపలు కోసిన ఆడవాళ్ళు తలో ఊరూ పట్టారు. మొగుడు అంతకుముందే ఇంకో సంసారం వెతుక్కున్నాడు. నిరుద్యోగ భృతి ఆఫీసులో లోరిమర్ అనే ఉద్యోగి, ఈ వారం ఎక్కడెక్కడ పని అడిగారని అడిగేవాడు. బేకరీలో, ఆసుపత్రి లాండ్రీలో, బడి వంటింట్లో అడిగానని, అంతటా లేదన్నారని చెప్పేది.

ఫ్యాక్టరీకి కరెంటు తీసేశారు. మైకు తీగలు ఎవరో కోసుకుపోయారు. అయినా మధ్యాహ్నాలు అందులోంచి నెటా గొంతు ఊరంతా వినబడేది. నెటా ఒకప్పుడు షిఫ్టుల వాళ్ళని పిలిచే మనిషి. చనిపోయి చాన్నాళ్ళయింది. ముందు పేరు పిలిచి, ఒకసారి దగ్గి, ఆ తర్వాత వెళ్ళాల్సిన చోటు చెప్పేది. పిలుపందిన మనిషి కోటు తొడుక్కుని వెళ్తే అక్కడ పని దొరికేది. ఆ వేళకి ఊళ్ళో వాళ్ళు పొయ్యి మీది కెటిల్ దించేసి వినేవాళ్ళు. సెంగా పేరు మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే ఆమె కాలేజీలో సైగల భాష క్లాసులో చేరింది. యంత్రాల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడక, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చేతులతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆమె చేతులకి ఆ కబుర్ల మీదే బెంగ. లోరిమర్ అడ్డు చెప్పలేదు.

"చదువుకోండి. కానీ పిలుపొస్తే క్లాసు మధ్యలోంచైనా లేచెళ్ళాలి. వెళ్ళకపోతే భృతి ఆగిపోద్ది. రూలు నేను పెట్టింది కాదు" అన్నాడు.

పాఠం చెప్పే రోనాకి పుట్టుకతోనే వినబడదు. ఆమె క్లాసులో ఎవరూ నోరు విప్పకూడదు. వారమంతా మూగగా గడిపే సెంగా అక్కడికొచ్చి చేతులతో తెగ మాట్లాడేది.

పరీక్ష రోజున రోనా ఎదురుగా కూర్చుని, నీ జీవితంలో ఒక రోజు గురించి చెప్పమంది. సెంగా ఫ్యాక్టరీ గేటుకి తాళం వేసిన రోజు ఎత్తుకుంది. అందరూ ఏప్రన్లు విప్పి ఎక్కడ పెట్టాలో తెలీక చేతుల్లో పట్టుకు నిలబడ్డ చోటికి వచ్చేసరికి మైకు మోగింది.

"సెంగా బకన్."

క్లాసంతా ఆమె వైపు తిరిగింది. అంతకాలానికి తన పేరు ఒకరి నోట వినేసరికి సెంగా చేతులు గాల్లోనే ఆగాయి. కానీ ఆమెకి వెళ్ళాలని లేదు.

ఏమైందని రోనా సైగ చేసింది.

"నన్ను పిలిచారు. పనికి. వెళ్తే ఇది సగంలో పోతుంది" అన్నాయి సెంగా చేతులు.

నెటా దగ్గింది. "కాలేజీ, మేడ మీద, కిటికీ పక్క గది."

అందరూ తాము కూర్చున్న గదిని ఒకసారి కలయజూశారు. సెంగా ఆ మాట రోనాకి చెప్పింది. రోనా ఆశ్చర్యపోలేదు. రేవు పక్కన వృద్ధాశ్రమంలో వినికిడి లేని ముసలివాళ్ళున్నారట. వాళ్ళతో మాట్లాడటానికి మనిషి కావాలట. పరీక్ష అయ్యాక అడుగుదామనుకుందట.

"ముందు ఆ ఏప్రన్లు ఏం చేశారో చెప్పు" అంది.

పిలుపు లోరిమర్ కూడా విన్నాడు. ఆ వారం ఆమె ఆఫీసుకి వెళ్తే, "కుర్చీలోంచి లేవకుండా పనికెళ్ళింది మీరొక్కరే" అని చెయ్యి కలిపాడు.

ఆశ్రమంలో మొదటి రోజు, ఒకప్పుడు పడవ నడిపిన ముసలాయన సైగతో ఆమె పేరడిగాడు. సెంగా ఒక్కో అక్షరమే వేళ్ళతో చూపిస్తుంటే విసుగ్గా చెయ్యి ఊపి ఆపేశాడు. ఆమె అలవాటుగా చొక్కా చేతులు మోచేతుల దాకా లాక్కోవడం చూసి, తనూ అలాగే లాక్కుని, ఇదిగో నీ పేరు అన్నట్టు ఆమె వైపు వేలు చూపాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు.

మధ్యాహ్నం గదికి అవతలి కొసన ఒక ముసలమ్మ ఆమె వైపు చూసి మెల్లగా చొక్కా చెయ్యి పైకి లాక్కుంది. సెంగా లేచి వెళ్ళింది.