ఎవరి తప్పని అడగని పరుగు

వాలీబాల్ జట్టులో ఉన్నదే ఆరుగురు. ఒక్కరు తగ్గినా పోటీలో ఆడనివ్వరు. అందుకే కోచ్ మొదటిరోజే ఒక పద్ధతి పెట్టింది. ఒకరు తప్పు చేస్తే అందరూ హాలు చుట్టూ పరిగెత్తాలి. తప్పెవరిదో వాళ్ళు చెప్పకూడదు, తనూ అడగదు.

"చాడీలు చెప్పేవాళ్ళు నాకొద్దు," అంది. "గెలిచినా ఏడ్చినా అందరూ కలిసే."

మొదట్లో ఒకరినొకరు తిట్టుకుంటూ పరిగెత్తేవాళ్ళు. పోనుపోను తిట్లు ఆగిపోయాయి. అడుగులన్నీ ఒకే చప్పుడుగా వినిపించేవి.

వానలు పడ్డాక వాళ్ళ ఆట మారింది. జట్టులో పొడుగు పిల్లని అందరూ నిచ్చెన అంటారు. వల దగ్గర ఎగిరి కొట్టేది తనే. ఇప్పుడు తన ఎడమవైపు బంతి పడబోతే, తను కదిలేలోపే కెప్టెన్ అక్కడుంటోంది. పాయింటు అవగానే ఐదుగురూ వచ్చి నిచ్చెన చుట్టూ భుజాల మీద చేతులేసి కాసేపు నిలబడుతున్నారు. పాయింటు పోయినా అంతే.

కోచ్‌కి అది చూస్తే కడుపు నిండిపోయేది. కూతుర్ని తీసుకెళ్ళడానికొచ్చిన నిచ్చెన తల్లికి చూపించి, "ఒక్క మాట అనుకోకుండా ఎలా సర్దుకుంటున్నారో చూశారా," అంది.

"ఇక్కడే ఈ హుషారంతా," అంది తల్లి. "ఇంట్లో మహారాణి మంచం దిగదు. మంచినీళ్ళు కూడా చెల్లెలు అందించాలి. ఒళ్ళు బరువెక్కింది."

ఇద్దరూ నవ్వుకున్నారు.

సెమీఫైనల్ చివరి సెట్లో నిచ్చెన ఎగిరింది. బంతి అవతల పడింది, తను ఇవతల పడింది. ఐదుగురూ పరుగున వచ్చి ఎప్పటిలాగే భుజాలు పట్టి నిలబెట్టబోయారు. ఈసారి కాలు నిలవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు మోకాలు నొక్కి చూశాడు, స్కాన్ ఫోటోలు చూశాడు. "ఇది ఇవాళ్టిది కాదు. లోపల కీలుని పట్టి ఉంచే లిగమెంటు ఎప్పుడో సగం తెగింది. అప్పుడే ఆట ఆపుంటే అతుక్కునేది. ఎప్పట్నుంచమ్మా నొప్పి?"

నిచ్చెన గోడకేసి చూసింది. పక్కనున్న కెప్టెన్ గోరు కొరుక్కుంటూ, "వానలు మొదలైనప్పట్నుంచి," అంది.

"మరి మీ కోచ్‌కి చెప్పలేదా?"

"చెప్పకూడదు కదండీ."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది.

"ఆపరేషన్ చేస్తే నడుస్తుంది," అన్నాడు డాక్టరు. "ఎగరడం మాత్రం మర్చిపోవాలి."

తల్లి కూతురి కాలిమీద దుప్పటి సర్దింది. అప్పటికే సరిగ్గా ఉన్నదాన్ని మళ్ళీ సర్దింది. "బద్ధకమని నేను తిట్టాను," అంది. కాసేపటికి తలుపు దగ్గర నిలబడ్డ కోచ్ వైపు తిరిగి, "రోజూ చూసేది మీరే కదమ్మా," అంది.

ఆపరేషనై ఇంటికొచ్చాక, వద్దన్నా వినకుండా నిచ్చెన చంకకర్రలతో హాలుకొచ్చి బెంచీ మీద కూర్చుంది. మిగతావాళ్ళు కోచ్ ముందు వరుసలో నిలబడ్డారు. కోచ్ చెప్పాలనుకుని వచ్చిన మాటలు వేరు. నోటివెంట వచ్చింది, "నా దగ్గర ఎందుకు దాచారర్రా?"

కెప్టెన్ కదిలింది. వెనకే మిగతా నలుగురూ. గోడ వెంబడి పరుగు మొదలుపెట్టారు.

"ఆగండి. నేను పరిగెత్తమనలేదు."

వాళ్ళు ఆగలేదు. కోచ్ అడ్డం వెళ్ళబోతే నిచ్చెన ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆపకండక్కా. నా వంతు కూడా వాళ్ళే పరిగెత్తుతున్నారు."

కోచ్ బెంచీ మీద కూలబడింది. ఆ ఐదుగురిలో ఒక్కరైనా ఆగి, ఇదెవరి తప్పని అడిగితే బాగుండుననుకుంది. జవాబు నోట్లోనే ఉంది. వాళ్ళు ఆమె ముందునుంచి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. అడుగులు ఒకే చప్పుడు. ఎవరూ అడగలేదు.