అడిగి దించే తెర

ఈశ్వరరావు పంతులు మంచం మీద అడ్డుతెర పరిచి అరచేత్తో ముడతలు తీస్తున్నాడు. తెల్లటి నూలు గుడ్డ. మధ్యలో కుంకుమతో దిద్దిన స్వస్తిక్ గుర్తు ఉతికి ఉతికి గులాబి రంగుకు వెలిసింది. పట్టుకునే మూల పసుపు పట్టి ఉంది.

"కొత్తది కొనుక్కోకూడదేటి?" అంది భార్య గౌరి, టీ గ్లాసు అందిస్తూ.

"గుడ్డ బాగానే ఉంది కదే."

"గుడ్డకేటి, బాగానే ఉంది. పట్టుకునే చేతులే వణుకుతున్నాయి."

పంతులు నవ్వి, తెరను సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు.

సన్నటి మనిషి. సంచి మోసి మోసి ఎడమ భుజం వంగింది. హోమాల పొగకు కళ్ల కింద నలుపు తేలింది. మలంచా రోడ్డు మీద టోటో రిక్షా ఎక్కితే బెంగాలీలు కూడా 'ఠాకుర్‌మొశాయ్' అని గౌరవంగా పిలుస్తూ జరిగి చోటిస్తారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు తెలుగువాళ్లలో తాతల పెళ్లిళ్లు ఆయన తండ్రి చేయించాడు, తండ్రుల పెళ్లిళ్లు ఈయన చేయించాడు. ఈ మధ్య చాలామంది విశాఖపట్నం నుంచి పురోహితులను రప్పించుకుంటున్నారు. వాళ్లు వీడియోకి అనువుగా నడిపిస్తారట.

తండ్రి ఆయనకు ఒక నియమం అప్పగించి పోయాడు. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురి వైపు తెర కొసను పురోహితుడే పట్టుకోవాలి. దించమంటావా అని ఆమెను అడగాలి. సరే అన్నాకే దించాలి. అది ఏ శాస్త్రంలో ఉందో తండ్రి చెప్పలేదు, ఈయన వెతకలేదు. కొందరు పిల్లలు నవ్వేవారు, కొందరు తల ఊపేవారు. "పంతులుగారి గేటు పడిపోనాది, సిగ్నల్ ఇయ్యే" అని మేనత్తలు వేళాకోళమాడేవారు.

ఆ రోజు ఫిట్టర్ జగ్గారావు కూతురు ప్రవల్లిక పెళ్లి. తెర ఒక్కసారిగా పడాలని వీడియో తీసే బెంగాలీ దాదా ముందే చెప్పి పెట్టాడు. ఒక కొస మేనమామ బుజ్జిబాబు, రెండో కొస పంతులు ఎత్తి పట్టుకున్నారు. మేళం జోరందుకుంది. పంతులు అలవాటుగా వంగి అడిగాడు.

"దించీమంటావా అమ్మా?"

"వద్దండి పంతులుగారూ."

మేళంలో ఆ మాట ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అనని మాట. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. బుగ్గన చుక్క కింద కండ అదురుతోంది. గుప్పిట్లో జీలకర్ర బెల్లం నలిగి వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

"ఏటమ్మా?"

ఆమె తల ఎత్తకుండానే అడ్డంగా ఊపింది.

"లగ్నం దాటిపోతాది పంతులుగారూ," అన్నాడు జగ్గారావు. "ఇప్పుడేటి కబుర్లు?"

"నామాన్, నామాన్," అని కెమెరా వెనకనుంచి దాదా దించమని చెయ్యి ఊపాడు.

"సిగ్నల్ ఫెయిలైపోనాదేటి?" అన్నాడు బుజ్జిబాబు. మండపమంతా నవ్వింది.

పంతులు తెర ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. అడగడం ఆయనకు వచ్చు. కాదంటే ఏం చెయ్యాలో తండ్రి చెప్పలేదు, తనూ ఏనాడూ అడగలేదు. లగ్నం దేవుడు పెట్టినదే. మరి ఈ పిల్లకు నోరు పెట్టింది ఎవరు? ఆ ఆలోచన తెగకముందే వేళ్లు వదులయ్యాయి. తెర దిగింది. అక్షింతలు పడ్డాయి.

భోజనాల వేళ దంపతులు ఆయన కాళ్లకు దండం పెట్టడానికి వచ్చారు. వంగినప్పుడు ప్రవల్లిక మెల్లిగా అంది.

"మీరు అడిగినారు కదా అని చెప్పినానండి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆయన దీవించబోయి చెయ్యెత్తాడు. ఒక్క మంత్రమూ నోటికి రాలేదు.

ఇంటికి వచ్చి అన్నం వద్దన్నాడు. తెర ఉతకడం ఎప్పుడూ గౌరి పని. ఇవాళ ఆయనే బకెట్టు ముందు కూర్చుని, తాను పట్టుకున్న మూలను సబ్బుతో రుద్దుతూ ఉండిపోయాడు.

"ఆ పసుపు పోదండి. ఏటైనాది మీకు?"

"అడక్కుండా ఉండాల్సింది, గౌరీ."

"ఎవర్ని?"

ఆయన లేచాడు. తెరను దండెం మీద ఆరేసి, గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దీపం పెట్టే వేళకు గౌరి పిలిచింది. భుజం పట్టి కదిపింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

కబురు తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. వాకిట్లో ఆరేసిన తెరను పక్కకు తప్పించుకుంటూ ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. దాన్ని ఎవరూ తీయలేదు. ఆయన రుద్దిన మూల గుడ్డ పలచబడిపోయింది. పసుపు మాత్రం అలాగే ఉంది.