పటంలో మూడో మనిషి

"ఆ పాత పటాల మధ్య నీకు ఊపిరెలా ఆడుతుందే?" అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కాని వెలుతురులో పెట్టి ముడతలు వెతుకుతూ. నేను లైబ్రరీలో ఊళ్ల మ్యాపులుండే పటాల గది చూసుకుంటాను. వంట, క్యారేజీలు, పిల్లని బడికి పంపడం అయ్యాక వెళ్లి, మళ్లీ పొయ్యి వెలిగించే వేళకి వచ్చేస్తాను. అందుకని ఇంట్లో ఎవరూ దాన్ని ఉద్యోగమనరు, కాలక్షేపం అంటారు.

ఆ కాలక్షేపంలోనే నేనొక మనిషిని వెతుకుతున్నాను. మా ఆయన తాతగారి మొదటి భార్యని. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లయిన రెండేళ్లకే ఎవరితోనో లేచిపోయిందని, ఆ సంవత్సరమే తాతగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారని చెప్తారు. మనిషి ఆనవాలు దొరక్కపోతే ఆమె తిరిగిన, ఇప్పుడు మేముంటున్న ఈ ఇల్లైనా చూద్దామని మా వీధి అట్లాసులు తీశాను. అంటురోగాల భయంతో ఆరోగ్యశాఖ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి వేసినవి. ప్రతి ఇంటికీ గదులు, తలుపులు, కిటికీలు, లోపల మగవాళ్లెందరో ఆడవాళ్లెందరో అంకెలతో సహా. ఆవిడ కాపురానికి వచ్చిన ఏటి పటంలో మా పెరటి గదికి రెండు కిటికీలున్నాయి. ఆవిడ వెళ్లిపోయిందన్న నాలుగేళ్లకి వేసిన పటంలో కిటికీల చోట గోడే ఉంది. అప్పటికి ఇంట్లో ఆడవాళ్లు తాతగారి తల్లి, రెండో భార్య. ఇద్దరే ఉండాలి. మూడు అని రాసి ఉంది.

మా ఆయన స్నానానికి వెళ్లాక, బఠాణీలు ఒలుస్తున్న మా అత్తగారిని అడిగాను.

"తాతగారి కాలం పటంలో మనింట్లో ముగ్గురాడవాళ్లని ఉంది. ఆ మూడో మనిషి ఎవరత్తయ్యా?"

ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. "మీ మావయ్య చిన్నప్పుడు పెరటి గది గోడకి చెవి ఆనించి కూర్చునేవారట," అన్నారు. "లోపల ఎవరో పాడుతుండేవారట. అడిగితే, మతి చెడిన మనిషి, నీకెందుకురా అనేవారట పెద్దాళ్లు."

"నిజంగానే మతి చెడిందా?"

"ఎదురు మాట్లాడేదట. నాకు తెలిసింది అంతే."

"తర్వాత?"

"ఒకరోజు పాట ఆగిపోయిందట."

తలెత్తితే గుమ్మంలో మా ఆయన, భుజాన తువ్వాలుతో. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. కోపం లేదు. చాలా మెత్తగా, "అమ్మా, దీనికి ఈ మధ్య నిద్ర ఉండట్లేదు. ఆ పటాలు పట్టుకుని లేనిపోనివి ఊహించుకుంటోంది. నిన్నే డాక్టరుతో మాట్లాడా. ఇక రాదని లైబ్రరీకి కూడా ఫోన్ చేసి చెప్పేశా," అన్నారు. తయారై, నా తల నిమిరి ఆఫీసుకి వెళ్లిపోయారు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన నా తల నిమరడం అదే మొదటిసారి.

అత్తయ్య పళ్లెం పక్కకి నెట్టి లేచారు.

"బడికెళ్లి పిల్లని తీసుకుపో. మళ్లీ ఇటు రాకు."

"ఆయన అడిగితే మీరేం చెప్తారు?"

"నలభై ఏళ్లు ఈ ఇంటి కోసం నోరు మూసుకున్నానమ్మాయ్. ఇవాళ నీ కోసం మూసుకుంటాను. వెళ్లు."

ఆయనకి ముఖపరిచయం కూడా లేని నా స్నేహితురాలి ఊరికి బస్సెక్కాను. సాయంత్రం, పిల్ల నా ఒళ్లో నిద్రపోయాక ఫోన్ మోగింది.

"ఇంటికొచ్చాను. అమ్మ ఎంతడిగినా పలకట్లేదు. ఎక్కడున్నావ్?"

అదే మెత్తని గొంతు. కిటికీలోంచి, దాటిపోతున్న ఊరి బోర్డు చదివాను. పేరు నా పెదవుల దాకా వచ్చింది.

చెప్పలేదు.