విరుగుడు పోసిన చెయ్యి

మా బావగారు వెంకట్రామయ్య మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను చూస్తే ఆయనకూ అంతే. మొన్న ఆదివారం పొద్దున్నే ఆయన మిర్చి తోట గట్టు మీద నేను నిలబడ్డానంటే, అది చుట్టరికం కలుపుకోవడానికి మాత్రం కాదు.

మా ఊళ్ళో ఒక దిక్కుమాలిన అలవాటుంది. పురుగు మందు కొట్టి వచ్చినవాళ్ళకు రైతు కూలితో పాటు క్వార్టర్ సీసా చేతిలో పెడతాడు. ఒంట్లోకి పోయిన విషానికి అది విరుగుడట. ఏ డాక్టరు చెప్పాడని అడిగితే, మా నాయన చెప్పాడంటారు.

నేను ఈ ఊరి ఆశా కార్యకర్తను. పేరు అనసూయ. పోయిన నెలే హైస్కూల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, సారా ఏం చేస్తుందో గంజాయి ఏం చేస్తుందో బొమ్మల చార్టు పెట్టి గంటసేపు చెప్పాను. పొలం గట్ల మీదికి వెళ్ళి ఈ విరుగుడు సంగతి మాత్రం ఒక్కనాడూ అడగలేదు. పెద్ద రైతులతో గొడవెందుకులే అని ఊరుకున్నాను.

మూడు వారాల కిందట మా ఆయన లారీ మీద చెన్నై వెళ్ళి ఉన్నాడు. పురుగు మందు పంపు మోసే మనిషి రాలేదని బావగారు మా అబ్బాయి తేజకు కబురు పెట్టాడు. వాడిది ఇంటర్ రెండో సంవత్సరం. పెదనాన్న పిలిస్తే కాదనలేక వెళ్ళాడు. మధ్యాహ్నం రెండింటికి తూలుకుంటూ వచ్చి వరండాలో కూలబడ్డాడు. దగ్గరికి వెళ్తే గుప్పుమని వాసన.

నాకు ముందు గుర్తొచ్చింది వాడు కాదు, ఊరు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడిందని రేపు నన్ను చూసి నవ్వుతారు. ఆ మంటతో చెంప మీద రెండు పీకాను.

"పెదనాన్నే తాగమన్నాడమ్మా, ఇషం ఇరుగుద్దంట" అన్నాడు. నాలుక మడత పడుతోంది.

"తాగొచ్చి సాకులు చెప్తన్నావా? ఆడే పడుండు. దిగేదాకా నా మొహం చూడమాక."

తలుపేసుకున్నాను. కక్కుకున్న చప్పుడు వినిపించింది. తాగినవాడు కక్కుకోక ఏం చేస్తాడు, కక్కనీ అనుకున్నాను. ఊపిరి గురగురమంటుంటే గురక అనుకున్నాను. అలా గంటన్నర కూర్చున్నాక పక్కింటి చాంద్ బీ వచ్చి తలుపు బాదింది.

"ఏమే అనసూయా, పిల్లోడి నోట్లోంచి నురగ వస్తంటే లోపల కూర్చున్నావేంది?"

ఆమె కొడుకు షాకిర్ ఆటోలో వాణ్ణి నరసరావుపేట తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు వాడి కళ్ళు తెరిచి చూశాడు. కంటిపాపలు గుండుసూది మొనల్లా అయిపోయాయి. ఇది పురుగు మందు ఒంటికి పట్టడమేనని, ఇంకో అరగంట ఆగి ఉంటే తీసుకురావలసిన పనే ఉండేది కాదని చెప్పాడు. తాగింది విషాన్ని విరవదట. పైగా ఊపిరిని ఇంకా అణిచేస్తుందట, విషమెక్కిన గుర్తుల్ని కప్పేస్తుందట. మూడు రోజులు మిషను పెట్టిన ఊపిరితో ఉన్నాడు నా కొడుకు. బతికాడు గానీ చేతుల వణుకు ఇంకా తగ్గలేదు.

ఇంత జరిగినా బావగారు మళ్ళీ కుర్రాళ్ళను పిలిచాడని తెలిసింది. అందుకే మొన్న ఆ గట్టు మీదికి వెళ్ళాను. ఐదుగురు పంపుల్లో నీళ్ళు నింపుకుంటున్నారు. సీసాల సంచి గట్టు మీదే ఉంది.

"ఆ సంచి ఇంటికి పంపించండి బావగారూ" అన్నాను.

"ముప్పై ఏళ్ళ నుంచి ఇస్తన్నా. ఎవుడూ చావలా. నీ కొడుకు లేతోడు, తట్టుకోలేకపోయాడు. దానికి నేనేం చేసేది?"

"మూతికి గుడ్డ ఇచ్చారా? చేతులకి తొడుగులిచ్చారా? సీసా మాత్రం మరవకుండా ఇచ్చారు."

ఆయన చేతిలో బకెట్టు విసిరికొట్టాడు. "నన్నంటావేంది? నేను పోసింది ఒక్క గ్లాసు. వాడు నడుచుకుంటానే ఇంటికి పోయాడు. నీ వాకిట్లో గంటన్నర పడున్నాడు. లోపల తలుపేసుకుని కూర్చుందెవరు? చాంద్ బీని పిలిచి అడుగుదామా?"

కుర్రాళ్ళంతా నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ని చీల్చి చెండాడదామనే వచ్చాను, కానీ ఆయన అన్నదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు.

"నేనే కూర్చున్నా" అన్నాను కుర్రాళ్ళతో. "వాసన చూసి తాగొచ్చాడనుకున్నా. కొట్టి తలుపేసుకున్నా. ఈయన పోసిన గ్లాసూ నా పరువూ రెండూ కలిసి వాణ్ణి చంపబోయినయ్. రేపు మీలో ఎవురన్నా పడిపోతే మూతి వాసన చూడబాకండి. ఆటో ఎక్కించండి."

వెంకట్రామయ్య ఉమ్మేసి బోరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మెకానిక్ కరీముల్లా కొడుకు నదీం, తేజ క్లాసువాడే, పంపు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"మరి అత్తా, పడిపోయినోడు తాగి పడ్డాడో, ఇషమెక్కి పడ్డాడో మాకెట్టా తెలుస్తది?"

"తాగుంటే తెలవదురా" అన్నాను. "కన్నతల్లిని, నాకే తెలవలా."